మేస్త్రీల జిల్లాలో మేస్త్రీల కరువు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చిన్న కాంట్రాక్టర్ ఎవరిని కదిపినా మొదట వినిపించే మాట, "పనోళ్ళు దొరకట్లేదు బావు." ఇల్లు ఒప్పుకున్నాడు, అడ్వాన్స్ తీసుకున్నాడు, సిమెంటు దిగింది. తాపీమేస్త్రి మాత్రం రేపొస్తానంటూ వారం దాటించేశాడు. ఇంకోవైపు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఏ పెద్ద అపార్ట్‌మెంట్ సైట్‌కి వెళ్ళినా మన యాస చెవిన పడుతుంది. 2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాక్కంలో కడుతున్న పదకొండు అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోతే, వాళ్ళలో ఎంతోమంది ఈ రెండు జిల్లాల నుంచి పొట్టకూటికి వెళ్ళినవాళ్ళే. పని వచ్చినవాళ్ళు ఇక్కడే పుట్టారు, చాలామంది ఇక్కడే తాపీ పట్టడం నేర్చుకున్నారు. ఇళ్ళు మాత్రం వేరే ఊళ్ళో కడుతున్నారు. ఎందుకు?

ఉపాధి హామీ పని వల్ల, పథకాల వల్ల జనానికి బద్ధకం వచ్చిందని కొందరంటారు. చెరువు మట్టి తవ్వే పనికీ మేస్త్రి పనికీ పోలికే లేదు. టైల్స్ వేసే మనిషి కట్టర్ పక్కన పెట్టి గడ్డపార పట్టుకోడు. మహా అయితే హెల్పర్ల విషయంలో కొన్ని వారాలు ఆ మాట నిజం కావచ్చు. అక్కడితో దాన్ని వదిలేద్దాం.

రెండో సమాధానం కూలి రేటు. బయట ఎక్కువిస్తారు కాబట్టి పోతున్నారన్నది. ఇది సగమే నిజం. లెక్క అర్థం కావడానికి గుండ్రటి అంకెలు తీసుకుందాం, ఇవి ఫలానా ఊరి రేట్లు కావు. బయట రోజుకి 1,000 రూపాయలు, నెలకి 26 రోజులు పని. మొత్తం 26,000. గది అద్దె, తిండి, ఊరికి రానూపోనూ ఖర్చులు కలిపి నెలకి 8,000 పోతే చేతిలో మిగిలేది 18,000. ఇక్కడ రోజుకి 800. నెలకి 24 రోజులు పని ఉంటే 19,200. టిఫినుకీ పెట్రోలుకీ 3,000 తీసేసినా 16,200 మిగులుతుంది. తేడా 1,800. పెళ్ళాం పిల్లల దగ్గర, వయసు మళ్ళిన అమ్మానాన్నల దగ్గర ఉండడానికి నెలకి ఆ 1,800 వదులుకునే మేస్త్రీలు చాలామందే ఉంటారు.

కానీ ఇక్కడ నెలకి 24 రోజులు పని ఎవరు చూపిస్తున్నారు? పదిహేను రోజులైతే వచ్చేది 12,000, ఖర్చు పోను 9,000. బయట మిగిలేదాంట్లో సరిగ్గా సగం. అంత వదులుకునే మనిషి ఉండడు. ఇప్పుడు కాంట్రాక్టర్ ఆదుర్దాపడి రోజుకి వంద పెంచాడనుకోండి. పదిహేను రోజులకి ఆ మేస్త్రికి కలిసేది 1,500. అదే 800 మీద ఇంకో తొమ్మిది రోజుల పని చూపిస్తే 7,200. చిన్న కాంట్రాక్టర్లు ఎప్పుడూ మొదటిదాని గురించే బేరమాడతారు, మేస్త్రి ఇంటికెళ్ళి రెండోదాని గురించి ఆలోచిస్తాడు. నాకు తెలిసినంతలో ఈ మనుషుల కరువులో సగానికి పైగా ఇక్కడే ఉంది.

మరి ఆ రోజులు ఎక్కడికి పోతున్నాయి? మొదటిది వాన. జూన్ నుంచి వానలు, అవి తగ్గేసరికి తుపాన్ల భయం. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి. రెండోది పొలం. మేస్త్రీల్లో చాలామందికి ఎకరమో అరెకరమో ఉంటుంది. నాట్లప్పుడు, కోతలప్పుడు మీ స్లాబు కంటే వాళ్ళ మడే ముఖ్యం, అది న్యాయమే కూడా. మూడోది ఎవరూ పెద్దగా మాట్లాడనిది, ముహూర్తం. మాఘమాసంలో, వైశాఖంలో శంకుస్థాపనలన్నీ గుంపుగా వచ్చిపడతాయి. ఆషాఢంలో, మూఢంలో కొత్త పని ఎవరూ మొదలుపెట్టరు. గృహప్రవేశాలూ అంతే. ఊళ్ళో నలుగురు యజమానులు ఒకే ముహూర్తం పెట్టుకుంటారు. ఆ ముందు పదిహేను రోజులూ నాలుగిళ్ళకీ టైల్స్ మేస్త్రి, పెయింటర్ కావాలి. తర్వాత నెలంతా ఎవరికీ అక్కర్లేదు. నాలుగోది యజమాని డబ్బు. బ్యాంకు నుంచి లోన్ వాయిదా రాలేదంటాడు, పని ఆగిపోతుంది. ఆగినన్నాళ్ళూ మేస్త్రికి కూలి ఉండదు.

ఇందులో వానని ఆపలేం గానీ పని వరసని మార్చుకోవచ్చు. స్లాబులు, బయటి గోడలు వేసవిలోనే తేల్చేసి, లోపలి ప్లాస్టింగ్, లప్పం, టైల్స్, వైరింగ్ వానాకాలానికి దాచుకునే కాంట్రాక్టర్‌కి సగం సమస్య తీరిపోతుంది. అందుకు రెండు మూడు ఇళ్ళు వేర్వేరు దశల్లో ఉండాలి. ఒక్క ఇల్లే ఉన్నవాడు ఏం చేస్తాడు? పక్క ఊరి కాంట్రాక్టర్‌తో మాట్లాడుకుంటాడు. మన దగ్గర కాంట్రాక్టర్ల మధ్య ఈ పొత్తు చాలా తక్కువ. ఒకడి మేస్త్రిని ఇంకొకడు లాక్కోవడమే తెలుసు. "నా సైట్ పది రోజులు ఆగింది, నా ఇద్దరు మేస్త్రీలనీ వాడుకో, ఇరవయ్యో తారీఖుకి పంపెయ్" అని ఫోన్ చేయడానికి పైసా ఖర్చు లేదు. చిన్న రిపేర్లు కూడా పనికొస్తాయి. కారుతున్న డాబా, బీటలు వారిన ప్రహరీ, బాత్రూమ్ పైపులు లాంటివాటిలో లాభం తక్కువని చాలామంది వదిలేస్తారు. వాటిని లాభం కోసం ఒప్పుకోనక్కర్లేదు, ఉన్న మనుషుల్ని నిలుపుకోవడానికి ఒప్పుకోవాలి.

అలాగని అందరికీ నెలంతా పని చూపించడం ఎవరి వల్లా కాదు. ఇద్దరో ముగ్గురో సొంత మనుషులు, మిగతాది అవసరాన్ని బట్టి వచ్చే బ్యాచ్. ఈ అమరికే నిలుస్తుంది. ఆ ముగ్గురికీ పని ఉన్నా లేకపోయినా నెలకి ఇన్ని రోజుల కూలి ఖాయం అని మాటివ్వాలి, ఆ ఖర్చుని ఇంటి కొటేషన్‌లోనే కలుపుకోవాలి. చదరపు అడుగు రేటులో పక్కవాడి కంటే ఇరవై తగ్గించి పని పట్టుకున్నవాడు మేస్త్రీల గురించి తర్వాత ఎంత బాధపడినా లాభం లేదు. కొటేషన్ రాసిన రోజే మేస్త్రి పోయాడు.

బ్యాచ్ సంగతి వేరు. మన ప్రాంతంలో మీరు పనిలోకి తీసుకునేది ఒక మనిషిని కాదు, ఒక చుట్టరికాన్ని. మేస్త్రి, అతని తమ్ముడు, బావమరిది, ఆ ఊరి కుర్రాళ్ళు ఇద్దరు, మాలు, అంటే కలిపిన సిమెంటు, మోయడానికి పిన్నో వదినో. మేస్త్రితో పేచీ వస్తే అందరూ ఒకేసారి దిగిపోతారు. మేస్త్రితో బాగుంటే అడిగినప్పుడల్లా మనుషులొస్తారు. కాబట్టి బ్యాచ్‌లో ఒకడిని విడిగా పిలిచి "నువ్వు నాతో ఉండిపో" అనడం ఆ ఊరితో తెగతెంపులు చేసుకోవడమే. గుత్తకి ఇచ్చినా, రోజుకూలి లెక్కన పెట్టుకున్నా, కింది మనుషులకి కూలి అందుతోందా లేదా అన్నది కాంట్రాక్టర్ చూసుకోవాలి. మేస్త్రి చేతికి మొత్తం ఇచ్చేసి చేతులు దులుపుకుంటే, డబ్బు అందని హెల్పర్ మీ పేరే చెప్పి తిడతాడు. ఊళ్ళో తిరిగేది ఆ పేరే.

గుత్తా, రోజుకూలా అన్న గొడవ కూడా ఎప్పుడూ ఉండేదే. కొలిచి చూడగలిగే పని, తప్పు జరిగితే పైకి కనబడే పని గుత్తకి ఇవ్వొచ్చు. బయటి పెయింటు, ప్రహరీ గోడ, ఫ్లోర్ టైల్స్ అలాంటివి. లోపల మూసుకుపోయే పనుల్ని, అంటే కాలమ్ రాడ్లు, గోడలోకి వెళ్ళే పైపులు, ఎర్తింగ్ లాంటివాటిని గుత్తకి ఇస్తే త్వరగా ముగించాలనే తొందర గోడ లోపలికి వెళ్ళిపోతుంది. బయటపడేసరికి అయిదేళ్ళు పడుతుంది, అప్పటికి మేస్త్రి ఏ ఊళ్ళో ఉంటాడో.

అడ్వాన్స్ దగ్గర చాలామంది ఇరుక్కుంటారు. మేస్త్రి ఇరవై వేలు అడుగుతాడు, ఇవ్వకపోతే ఇంకో సైట్‌కి పోతాడు. ఇస్తే పని సగంలో ఫోన్ ఎత్తడు. దానికి విరుగుడుగా ప్రోనోటు రాయించుకోవడం, ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోవడం కొందరికి అలవాటు. అప్పు తీరేదాకా ఇక్కడే పని చేయాలని మనిషిని కట్టేయడం 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం కింద నేరం, చాలామంది చిన్న కాంట్రాక్టర్లకి ఈ సంగతి తెలియదు. నేరమన్నది పక్కన పెట్టినా, అప్పు కోసం ఉన్నవాడు పని మీద మనసు పెట్టడు. అడ్వాన్స్ వారం కూలికి మించనివ్వకుండా, ప్రతి వారం కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ, మిగతా కూలి మాత్రం శనివారం సాయంత్రం రూపాయి తక్కువ కాకుండా ఇచ్చేస్తే పెద్ద అడ్వాన్స్ అడగాల్సిన అవసరమే తగ్గుతుంది. మేస్త్రి ముందే అంత అడిగేది వెనక డబ్బు రాదన్న అనుమానంతోనే. పాత కాంట్రాక్టర్లు ఎవరో ఎగ్గొట్టిన దానికి మీరు అడ్వాన్స్ కడుతున్నారన్నమాట. యజమాని ఇచ్చినా ఇవ్వకపోయినా రెండు వారాల కూలి డబ్బు విడిగా ఉంచుకోలేని మనిషి సొంతంగా కాంట్రాక్టులు ఒప్పుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఇక మంచి పనివాడిని పట్టుకోవడం. పొద్దున్న అడ్డా దగ్గర దొరికేవాళ్ళు ఆ రోజు అవసరానికి పనికొస్తారు, ఏడాది పాటు నిలిచే మేస్త్రి అక్కడ దొరకడం అరుదు. మంచివాడికి అడ్డాలో నిలబడాల్సిన పని ఉండదు. హార్డ్‌వేర్ షాపు, ఎలక్ట్రికల్ షాపు యజమానులకి ఎవరు ఎలాంటి పనివాడో తెలుసు. ఎవరు అప్పు తీసుకుని తిరిగి కడతారు, ఎవరు మెటీరియల్ వృథా చేసి మళ్ళీ మళ్ళీ వస్తారు అన్నది వాళ్ళకి కళ్ళారా కనబడుతుంది. పెయింటు షాపు మాట మాత్రం కొంచెం ఆలోచించి వినాలి. డబ్బాల్లో పెయింటర్లకి టోకెన్లు, పాయింట్లు ఉంటాయి కాబట్టి షాపువాడు చెప్పే పెయింటర్ అతని సరుకు ఎక్కువ కొనేవాడు కావచ్చు. వీళ్ళందరికంటే నమ్మకమైన చోటు రెండేళ్ళ కిందట కట్టిన ఇల్లు. ఇంటావిడని బాత్రూమ్‌లో నీళ్ళు నిలుస్తున్నాయా అని అడిగి, నిలవట్లేదంటే ఆ మేస్త్రి ఊరు, పేరు కనుక్కోండి.

బయటి నుంచి తిరిగొచ్చినవాళ్ళ విషయంలో ఒక మెలిక ఉంది. పదేళ్ళు హైదరాబాద్ టవర్లలో చేశానంటే గొప్పగానే ఉంటుంది. అక్కడ పని ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఒకడు పదేళ్ళూ అల్యూమినియం షట్టరింగే బిగించి ఉంటాడు, ఒకడు గోడ టైల్సే వేసి ఉంటాడు. ఆ ఒక్క పనిలో మనవాళ్ళెవరూ అతని ముందు నిలబడలేరు. మన ఇంటి పనికి మాత్రం పొద్దున్న గోడ కట్టి, మధ్యాహ్నం మెట్లు సరిచేసి, సాయంత్రం గుమ్మం నిలబెట్టగలిగేవాడు కావాలి. తిరిగొచ్చినవాడు ఇవి నేర్చుకోలేడని కాదు. మొదటి రెండు నెలలు పాత మేస్త్రి పక్కన పెట్టాలి, అతనికి చిన్నతనంగా అనిపించకుండా రేటు దగ్గర గౌరవం ఇవ్వాలి.

ఎవరైనా సరే ఒక రోజు పూర్తి కూలి ఇచ్చి పని చూడండి. ఉత్తినే చేసి చూపించమనడం మర్యాద కాదు. తాపీమేస్త్రికి గోడ మూల ఇవ్వాలి. తిన్నటి గోడ ఎవడైనా కడతాడు, పనితనం మూల దగ్గర తెలుస్తుంది. ఇటుకలు ముందు తడిపిస్తాడా, తూకం గుండు ఎన్ని వరసలకోసారి వేస్తాడు, మాలు కలిపి ఎంతసేపైంది అని హెల్పర్‌ని అడుగుతాడా చూడండి. రాడ్ల మేస్త్రి అయితే రాడ్ల చుట్టూ కట్టే రింగు కొక్కెం లోపలికి పూర్తిగా వంచుతాడా, రాడ్డు సెంట్రింగ్‌కి ఆనకుండా ఎడం ఉంచే కవర్ బ్లాకులు మీరు అడక్కుండానే పెడతాడా. టైల్స్ మేస్త్రికి బాత్రూమ్ ఇచ్చి మర్నాడు బకెట్ నీళ్ళు పోయండి, టైలు మీద రూపాయి బిళ్ళతో కొడితే డొల్ల చప్పుడు ఎక్కడొస్తుందో వినండి. ప్లంబర్ పైపుల్ని గోడలో మూసే ముందు నీళ్ళ ఒత్తిడి పెట్టి చూడాలంటాడా, లేక తొందరపడుతున్నాడా. ఎలక్ట్రీషియన్ పని మొదలుపెట్టే ముందు ఈ గదిలో ఏసీ పెడతారా, గీజర్ ఎక్కడ అని అడగాలి. లైట్లకి 1.5, పవర్ ప్లగ్గులకి 2.5, ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు అన్న సాధారణ లెక్క తెలిసినవాడు లోడు అడక్కుండా వైరు కట్ట విప్పడు.

ఎలక్ట్రీషియన్ల కొరత మాత్రం తాపీమేస్త్రీల కొరత లాంటిది కాదు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేళ్ళ కోర్సులు, వెల్డర్ ఏడాది. పాసైన కుర్రాళ్ళు ఏటా వస్తూనే ఉన్నారు. వాళ్ళు పైడిభీమవరం ఫార్మా కంపెనీలకో, బొబ్బిలి, గరివిడి వైపు ఫ్యాక్టరీలకో పోతున్నారు. జీతం మీరిచ్చే దానికంటే తక్కువైనా పోతారు. కాంట్రాక్టర్లకి ఇది వింతగా ఉంటుంది. సంబంధం చూడ్డానికి వచ్చిన పిల్ల తండ్రికి "కంపెనీలో చేస్తున్నాడు, పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయి" అని చెప్పుకోవడానికీ, "వైరింగ్ పనికి వెళ్తాడు" అని చెప్పుకోవడానికీ తేడా ఉంది. ఆ తేడాని రోజుకి వంద పెంచి పూడ్చలేం. గుర్తింపు కార్డు, నెల జీతం, బ్యాంకు ఖాతాలో జమ కొంతవరకు పూడుస్తాయి. ఇరవై మంది లేని చోట పీఎఫ్ తప్పనిసరి కాకపోయినా ఇష్టపడి చేరే వీలుంది. ఈఎస్ఐ పది మంది దగ్గర మొదలవుతుంది.

కుర్రాళ్ళని అప్రెంటిస్‌లుగా తీసుకునే దారి కూడా చాలామంది చూడరు. నలుగురు పనివాళ్ళున్న సంస్థ కూడా ఇష్టపడితే అప్రెంటిస్‌ని పెట్టుకోవచ్చు, జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద స్టైపెండ్‌లో 25 శాతం, నెలకి గరిష్ఠంగా 1,500 రూపాయలు, కేంద్రం భరిస్తుంది. కాగితాల పని ఉంటుంది, నిజమే. తాపీ పనిలో అయితే కాగితాల కంటే మేస్త్రి మనసే పెద్ద అడ్డు. హెల్పర్ చేత ఏళ్ళ తరబడి మాలు మోయించి, తాపీ ముట్టుకోనివ్వని మేస్త్రీలున్నారు. వాడు నేర్చుకుంటే రేపు నా పోటీ అనే భయం. బ్యాచ్‌తో మాట్లాడేటప్పుడే రోజూ మధ్యాహ్నం తర్వాత ఒక హెల్పర్ చేతికి తాపీ ఇవ్వాలి, పాడైన ప్లాస్టింగ్ నా ఖర్చు అని తేల్చుకోవాలి. స్లాబు రోజున తట్టలు మోసే ఆడవాళ్ళలో ఎవరికీ ఈ అవకాశం ఇవ్వకపోవడం నాకు ఎప్పటికీ అర్థం కాదు. టైల్స్ మధ్య గ్రౌట్ నింపడం, లప్పం పెట్టడం వాళ్ళు చేయలేని పనులేం కావు.

మరి పెద్ద ప్రాజెక్టుల సంగతి? 2023లోనే ఏప్రిల్‌లో మూలపేట పోర్టుకి, మే నెలలో భోగాపురం విమానాశ్రయానికి శంకుస్థాపనలు జరిగాయి. అలాంటి పనులు నడుస్తున్నన్నాళ్ళూ వెల్డర్లు, రాడ్ల మేస్త్రీలు, సెంట్రింగ్ మనుషులు అటే పోతారు, వాళ్ళతో రేటు మీద పోటీ పడటం వృథా. అయితే అక్కడ పని దశలవారీగా ముగుస్తుంది. సివిల్ పని అయిపోయిన బ్యాచ్ వచ్చే నెల ఎటు పోవాలా అని చూస్తుంటుంది. వాళ్ళ ఫోన్ నంబర్లు ముందే మీ దగ్గర ఉండాలి. హెల్మెట్, బెల్టు అలవాటైన ఆ మనుషులు రెండు వెదురుబొంగుల మీద ఊగే పరంజా ఎక్కడానికి మొహమాటం లేకుండా కాదంటారు. అది పొగరనుకోకండి.

ప్రమాదం జరిగితే చిన్న కాంట్రాక్టర్ ఒక్క దెబ్బకి మునిగిపోతాడు. ఒక్క మనిషిని పెట్టుకున్నా పనిలో దెబ్బ తగిలితే పరిహారం పనిలో పెట్టుకున్నవాడి బాధ్యతేనని 1923 నుంచీ చట్టం ఉంది. దానికి బీమా కంపెనీలు పాలసీలు అమ్ముతాయి, సైట్ లెక్కన కూడా తీసుకోవచ్చు. ఇది కాక ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో పోతే కుటుంబానికి రెండు లక్షలు. బ్యాచ్ మొత్తానికి మీరే కట్టించినా ఒక పూట టిఫిన్ ఖర్చు కాదు. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదుకి ఏడాదిలో 90 రోజులు పని చేసినట్టు చూపించాలి. ఆ కాగితం మీద సంతకం అడిగితే తప్పించుకు తిరిగే కాంట్రాక్టర్లున్నారు, ఏదో కేసు అవుతుందన్న టెన్షన్‌తో. పని చేసినవాడికి పని చేశాడని రాసివ్వడానికి భయమెందుకు? 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌ల ప్రకారం మనిషి పని మానేసినా, మీరే మాన్పించినా రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి. కూలి పుస్తకం రోజూ రాసి, వారం చివర వేలిముద్రో సంతకమో తీసుకునేవాడికి ఇది కొత్త బరువేమీ కాదు.

మనుషుల్ని మాట్లాడుకోవడానికి ఏడాది మొత్తంలో సంక్రాంతిని మించిన సమయం లేదు. భోగికి రెండు రోజుల ముందు నుంచి ఆమదాలవలస, విజయనగరం స్టేషన్లలో దిగే జనంలో మీకు కావలసిన మేస్త్రి ఉంటాడు. కనుమ మర్నాడు ఇంటికి వెళ్ళండి. "ఇక్కడే ఉండిపోరాదూ" అంటే నవ్వి ఊరుకుంటాడు. చేతిలో ఉన్న ఇళ్ళు ఎన్ని, ఏది ఏ నెలకి ప్లాస్టింగ్‌కి వస్తుంది, జూన్ దాకా ఎన్ని రోజుల పని ఖాయం, కూలి ఏ రోజు ఇస్తారు, ఇవి కాగితం మీద రాసుకెళ్ళి చూపించండి. ఇంటామె కూడా ఉన్నప్పుడు చూపించండి, నిర్ణయం చాలాసార్లు ఆమెదే. అప్పటికే తిరుగు టికెట్ తీసుకున్నవాణ్ణి ఆపొద్దు, అక్కడ అతని కూలి బకాయి ఉండొచ్చు. వేసవి సెలవులకి పిల్లల్ని చూడ్డానికి వచ్చినప్పుడు అదే కాగితం, అప్పటికి మిగిలిన పనులతో, ఇంకోసారి పట్టుకెళ్ళండి.